గర్భనిరోధక మాత్రలు ఆపిన తరువాత గర్భధారణ

గర్భం రాకుండా ఉండేందుకు స్త్రీలు నోటి ద్వారా తీసుకొనే హార్మోను మాత్రలను గర్భనిరోధక మాత్రలు అంటారు. సంతానం కావాలని దంపతులు నిశ్చయించుకొన్నప్పుడు ఈ మాత్రలను ఆపివేస్తారు. ఆపిన తరువాత అండాశయాలు తిరిగి తమ పని మొదలుపెట్టడం, ఋతుచక్రం గాడిన పడడం, గర్భం నిలవడం అనే దశల గురించి, వాటికి పట్టే కాలం గురించి ఈ వ్యాసం వివరిస్తుంది.

మాత్రల ప్రభావం తాత్కాలికమైనది. అవి అండాశయాన్ని గాని, గర్భాశయాన్ని గాని పాడుచేయవు. మాత్రలు వాడిన స్త్రీలలో ప్రతి పదిమందిలో సుమారు ఎనిమిదిమంది, ఆపిన ఏడాదిలోపు గర్భవతులవుతారు. ఇతర పద్ధతులు పాటించిన స్త్రీలలో గాని, ఏ పద్ధతీ పాటించని స్త్రీలలో గాని ఏడాది చివరికి కనిపించే ఫలితం దాదాపు ఇదే. అయినప్పటికీ గర్భం ఆలస్యమైన ఇంట్లో మొదటి నింద మాత్రల మీద, రెండవ నింద వాటిని మింగిన కోడలి మీద పడడం మన సమాజంలో తరచు కనిపించే విషయం. ఈ నింద వలన మనస్తాపం మాత్రమే గాక, అసలు కారణాన్ని వెదకవలసిన విలువైన కాలం కూడా వృథా అవుతుంది.

మాత్ర చేసే పని

ఆపిన తరువాత ఏం జరుగుతుందో తెలియాలంటే, వాడుతున్నంతకాలం ఏం జరుగుతుందో ముందు తెలియాలి. మెదడు అడుగుభాగంలో ఉండే పీయూష గ్రంథి ప్రతి నెల ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. అనే రెండు హార్మోన్లను విడుదల చేస్తుంది. మొదటిది అండాశయంలోని అండ పుటికలను పెంచుతుంది. రెండవది ఒక్కసారిగా పెరిగి, పక్వమైన పుటిక నుండి అండం బయటపడేటట్లు చేస్తుంది. దీనినే అండోత్సర్గం అంటారు. అండం వెలువడిన తరువాత అండాశయం ప్రొజెస్టిరానును తయారుచేస్తుంది. రక్తంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ తగినంత ఉన్నాయని గ్రహించిన పీయూష గ్రంథి తన హార్మోన్లను తగ్గించుకొంటుంది.

సాధారణంగా వాడే మిశ్రమ మాత్రలలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్‌లను పోలిన కృత్రిమ హార్మోన్లు ఉంటాయి. అవి రోజూ రక్తంలోకి చేరుతుండడం వలన పీయూష గ్రంథి నిద్రాణంగా ఉండిపోతుంది. ఫలితంగా అండోత్సర్గం జరగదు. దీనికి తోడు గర్భాశయ ముఖద్వారంలోని శ్లేష్మం చిక్కబడి శుక్రకణాలను లోనికి పోనీయదు. గర్భాశయపు లోపలి పొర కూడా పలుచగా ఉంటుంది.

భారత ప్రభుత్వం ఉచితంగా పంపిణీ చేసే మాలా-ఎన్ పొట్లంలో 28 మాత్రలు ఉంటాయి. వీటిలో 21 హార్మోను మాత్రలు. ఒక్కొక్కదానిలో 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయోల్ ఉంటాయి. మిగిలిన ఏడు ఇనుము మాత్రలు. ఈ ఏడు రోజులలో హార్మోను అందక గర్భాశయపు పొర ఊడి రక్తస్రావం అవుతుంది. దీనిని విరమణ రక్తస్రావం అంటారు. ఇది నెలనెలా క్రమం తప్పక వస్తుంది గాని, నిజమైన ఋతుస్రావం కాదు. దానికి ముందు అండోత్సర్గం జరిగి ఉండదు. ఈ తేడాను గుర్తుంచుకొంటే తరువాత వచ్చే అనేక సందేహాలు వాటంతటవే తీరుతాయి.

సంతానం కోరిన స్త్రీలపై తొలి పరీక్ష

మాత్రల చరిత్రలో ఒక విచిత్రం ఉంది. పిల్లలు పుట్టకుండా చేస్తాయని నేడు పేరుపడిన ఈ హార్మోన్ల కలయికను తొలిదశలో ఇచ్చింది పిల్లలు పుట్టక బాధపడుతున్న స్త్రీలకు. అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన స్త్రీవైద్య నిపుణుడు జాన్ రాక్ సంతానలేమికి చికిత్స చేసేవాడు. కొన్ని నెలలపాటు గర్భిణి శరీరంలో ఉండేటంత హార్మోన్లను ఇచ్చి ఆపివేస్తే గర్భాశయం, అండవాహికలు బలపడి ఆ తరువాత గర్భం నిలుస్తుందేమోనని ఆయన ఊహించాడు. 1950ల తొలినాళ్ళలో 80 మంది స్త్రీలకు మూడు నెలలపాటు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ ఇచ్చి ఆపగా, తరువాతి నాలుగు నెలలలో వారిలో 13 మంది గర్భవతులయ్యారు. దీనికి 'రాక్ రీబౌండ్' అని పేరు వచ్చింది.

మందు వాడుతున్నంతకాలం ఆ స్త్రీలకు బహిష్టు ఆగిపోవడం, వేవిళ్ళ వంటి లక్షణాలు కనిపించడం వలన తాము గర్భవతులమైనామని భ్రమపడి నిరాశ చెందేవారు. అదే కాలంలో జంతువులపై ప్రొజెస్టిరాన్‌ను పరీక్షిస్తున్న గ్రెగరీ పింకస్, మధ్యలో కొన్ని రోజులు మందు ఆపితే నెలసరి వస్తుందని సూచించాడు. నేటి పొట్లంలోని ఏడు రోజుల విరామానికి మూలం అదే. పింకస్, మిన్ చ్యూ చాంగ్, రాక్‌ల కృషికి మార్గరెట్ శాంగర్ ప్రోత్సాహం, కేథరిన్ మెకార్మిక్ ధనసహాయం తోడయ్యాయి. 1956లో ప్యూర్టోరికోలో పెద్ద ఎత్తున పరీక్షలు జరిగాయి. (అక్కడి పేద స్త్రీలకు అది ప్రయోగమన్న సంగతి సరిగా చెప్పలేదన్న విమర్శ నేటికీ ఉంది.) ఎనోవిడ్ అనే ఆ మాత్రను 1957లో ఋతు సమస్యలకు, 1960లో గర్భనిరోధానికి అమెరికా ప్రభుత్వం అనుమతించింది.

రాక్ చూసిన 13 గర్భాలు మందు వలననే వచ్చాయని నిరూపణ కాలేదు. మాత్రలు వాడి ఆపితే సంతానశక్తి పెరుగుతుందని నేటి వైద్యశాస్త్రం చెప్పదు. అయితే ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదులో హార్మోన్లు తీసుకొన్న, అప్పటికే సంతానం లేని స్త్రీలు కొందరు మందు ఆపిన నాలుగు నెలల్లోనే గర్భవతులైన సంగతి గమనించదగినది.

ఆపిన వెంటనే శరీరంలో జరిగే మార్పులు

మాత్రలోని హార్మోన్లు శరీరంలో పేరుకొనిపోవు. చివరి మాత్ర వేసుకొన్న కొద్ది రోజులలోనే అవి కాలేయం, మూత్రపిండాల ద్వారా బయటికి పోతాయి. పీయూష గ్రంథి తిరిగి ఎఫ్.ఎస్.హెచ్. విడుదల చేయడం ప్రారంభిస్తుంది. నిజానికి ఈ పని ఏడు రోజుల విరామంలోనే మొదలవుతుంది. అందుకే కొత్త పొట్లం ఆలస్యంగా మొదలుపెట్టినా, వరుసగా కొన్ని మాత్రలు మరచిపోయినా గర్భం వచ్చే ప్రమాదం ఉందని పొట్లం మీద హెచ్చరిక ఉంటుంది. నాలుగు రోజులు మరచిపోతేనే పట్టు సడలే మందు, మానివేసిన తరువాత ఏళ్ళ తరబడి పట్టి ఉంచుతుందని అనుకోవడంలో తర్కం లేదు.

చాలామందిలో మాత్రలు ఆపిన రెండు నుండి నాలుగు వారాలలో మొదటి అండోత్సర్గం, దాని తరువాత రెండు వారాలకు మొదటి నిజమైన ఋతుస్రావం కనిపిస్తాయి. ఏడాది పాటు విరామం లేకుండా ప్రతిరోజూ హార్మోను మాత్ర వేసుకొన్న స్త్రీలను, ఆపిన తరువాత పరిశీలించిన ఒక అధ్యయనం 2008లో ప్రచురితమైంది. అందులో 187 మందిలో 185 మందికి 90 రోజులలోపు బహిష్టు రావడమో, గర్భం రావడమో జరిగింది. సగంమందికి 32 రోజులలోపే అలా జరిగింది.

మొదటి రెండు మూడు చక్రాలు క్రమం తప్పి ఉండవచ్చు. ఒకటి 26 రోజులకు, తరువాతిది 40 రోజులకు రావచ్చు. మాత్రల వలన తగ్గిన మొటిమలు, బహిష్టు నొప్పి, అధిక రక్తస్రావం తిరిగి కనిపించవచ్చు. ఇవి మాత్ర మిగిల్చిన చెడు గుణాలని చాలామంది పొరబడుతుంటారు. మాత్ర అణచి ఉంచిన పాత లక్షణాలే అవి.

మొదటి బహిష్టు రాకముందే గర్భం వచ్చే అవకాశం ఉంది, ఎందుకంటే అండోత్సర్గం బహిష్టుకు ముందు జరుగుతుంది. కనుక మాత్రలు ఆపి నెలన్నర దాటినా బహిష్టు రాకపోతే 'ఇంకా మందు ప్రభావం పోలేదు' అనుకొని ఊరకుండక, మూత్ర పరీక్ష చేసుకోవాలి. మాత్రలోని హార్మోన్లు ఈ పరీక్ష ఫలితాన్ని మార్చవు.

ఒకటి రెండు నెలలు ఆగి ప్రయత్నించాలా అన్న ప్రశ్న తరచు వినవస్తుంది. పూర్వం వైద్యులు ఒక బహిష్టు చూసిన తరువాత ప్రయత్నించమనేవారు. కాన్పు తేదీని లెక్కకట్టడానికి చివరి బహిష్టు తేదీ అవసరం కావడమే అందుకు ప్రధాన కారణం. నేడు తొలి నెలల స్కానింగ్ ద్వారా గర్భం వయస్సు తెలుస్తుంది కనుక, ఆ నియమం తప్పనిసరి కాదు. బిడ్డకు హాని కలుగుతుందన్న భయం కూడా అక్కరలేదు. డెన్మార్క్‌లో 1997 నుండి 2011 వరకు జరిగిన 8,80,694 సజీవ జననాలను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, మాత్రలు ఎన్నడూ వాడని తల్లుల బిడ్డలలోను, గర్భానికి ముందు మూడు నెలలలోపు ఆపిన తల్లుల బిడ్డలలోను, గర్భం వచ్చిన సంగతి తెలియక మాత్రలు కొనసాగించిన తల్లుల బిడ్డలలోను పుట్టుకతో వచ్చే లోపాలు వేయికి సుమారు 25 చొప్పున సమానంగానే ఉన్నాయి.

గర్భం రావడానికి పట్టే కాలం

ఆరోగ్యవంతులైన దంపతులకు కూడా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం సుమారు 20 నుండి 25 శాతం మాత్రమే. విద్యార్థులు ఈ లెక్కను కాగితం మీద వేసి చూడవచ్చు. నూరు జంటలకు నెలకు 20 శాతం చొప్పున అవకాశం ఉందనుకొంటే, మొదటి నెల చివర 80 జంటలు, రెండవ నెల చివర 64, మూడవ నెల చివర 51, ఆరవ నెల చివర 26 జంటలు ఇంకా ఎదురుచూస్తూనే ఉంటాయి. ఏ లోపమూ లేని నూరు జంటలలో నాలుగోవంతు ఆరునెలలు గడిచినా గర్భం కోసం నిరీక్షించక తప్పదన్నమాట. వాస్తవంలో అందరి అవకాశమూ సమానం కాదు కనుక, ఏడాది చివర మిగిలేవారు ఈ లెక్కలో వచ్చే ఏడుగురి కంటే ఎక్కువగా, సుమారు 15 నుండి 20 మంది వరకు ఉంటారు.

ఇప్పుడు మాత్రలు వాడినవారి సంగతి చూడవచ్చు. ఐరోపాలోని ఏడు దేశాలలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, సంతానం కోసం మాత్రలు ఆపిన 2,064 మంది స్త్రీలలో 21.1 శాతం మంది మొదటి చక్రంలోనే, 79.4 శాతం మంది ఏడాదిలోపు గర్భవతులయ్యారు. ఈ ఫలితాలు 2009లో ప్రచురితమయ్యాయి. పై పేరాలోని సాధారణ లెక్కకు ఇవి ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించవచ్చు. 22 అధ్యయనాలను, 14,884 మంది స్త్రీల వివరాలను కలిపి 2018లో ప్రచురించిన సమీక్షలో, వివిధ తాత్కాలిక పద్ధతులు ఆపినవారిలో 83.1 శాతం మంది ఏడాదిలోపు గర్భవతులైనట్లు తేలింది.

అయితే తొలి నెలలలో కొద్దిపాటి ఆలస్యం ఉన్న మాట నిజం. డెన్మార్క్, ఉత్తర అమెరికాలకు చెందిన 17,954 మంది స్త్రీలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మాత్రలు ఆపినవారిలో సంతానశక్తి సాధారణ స్థాయికి రావడానికి సుమారు మూడు చక్రాలు పట్టింది. లూప్ తీయించుకొన్నవారికి రెండు చక్రాలు, ఇంజెక్షను వాడినవారికి ఐదు నుండి ఎనిమిది చక్రాలు పట్టాయి. పూర్వపు మాత్రలతో ఈ ఆలస్యం ఇంకా ఎక్కువగా ఉండేది. 1968లో ఇంగ్లాండు, స్కాట్లాండులలో మొదలై 17 వేలమంది స్త్రీలను అనుసరించిన ఆక్స్‌ఫర్డ్ అధ్యయనంలో, అంతకుముందు కాన్పు కాని స్త్రీలలో మాత్రల తాలూకు ఆలస్యం కొంతకాలం కనిపించి, మూడున్నరేళ్ళు గడిచేసరికి దాదాపు లేకుండా పోయింది. అప్పటి మాత్రలలో ఈస్ట్రోజెన్ మోతాదు ఎక్కువ. నేటి మాత్రలలో అది 20 నుండి 35 మైక్రోగ్రాములు మాత్రమే.

ఎక్కువకాలం వాడితే ఎక్కువ ఆలస్యం అవుతుందా? అందరూ అవునని ఊహిస్తారు. లెక్కలు మాత్రం కాదంటున్నాయి. పైన చెప్పిన 2020 నాటి అధ్యయనంలో, ఎన్నేళ్ళు వాడారన్న దానికీ, గర్భం రావడానికి పట్టిన కాలానికీ సంబంధం కనిపించలేదు. ఇంగ్లాండులోని ఏవన్ ప్రాంతంలో 8,497 గర్భాలను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలోనైతే, ఐదేళ్ళకు పైగా మాత్రలు వాడినవారిలో ఆలస్యం తక్కువగానే ఉంది.

కాలం మాత్రం ఆగదు. మాత్రలు వాడినంతకాలం అండాలు ఖర్చు కాక మిగిలిపోతాయని కొందరు నమ్ముతారు. ఇది సరికాదు. ఆడశిశువు పుట్టినప్పుడు అండాశయాలలో పది నుండి ఇరవై లక్షల అండ పుటికలు ఉంటాయి. యుక్తవయస్సు నాటికి అవి మూడు నాలుగు లక్షలకు తగ్గుతాయి. జీవితకాలంలో అండోత్సర్గం జరిగేది నాలుగైదు వందలకు మాత్రమే. మిగిలినవన్నీ, మాత్రలు వాడినా వాడకపోయినా, వాటంతటవే క్షీణించిపోతాయి. ఇరవైనాలుగేళ్ళకు మాత్రలు మొదలుపెట్టి ముప్పైనాలుగేళ్ళకు ఆపిన స్త్రీకి గర్భం ఆలస్యమైతే, ఆమె మాత్రలను లెక్కించే ముందు ఆ పదేళ్ళను లెక్కించాలి. చదువు, ఉద్యోగం, విదేశీ వీసా వంటి కారణాలతో సంతానాన్ని వాయిదా వేస్తున్న తెలుగు దంపతులు ఈ తేడాను తెలుసుకొని ఉండడం మంచిది.

మాత్రలలో రకాలు, ఇంజెక్షను

అన్నిటినీ కలిపి 'పిల్లలు పుట్టకుండా వాడే మందు' అనడం వలన అపోహలు పెరుగుతాయి. పైన చెప్పినవన్నీ ప్రధానంగా మిశ్రమ మాత్రలకు చెందినవి. పాలిచ్చే తల్లులకు ఇచ్చే ప్రొజెస్టిరాన్ మాత్రల ప్రభావం అంతకంటే త్వరగా తొలగిపోతుంది.

లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థ రూపొందించిన సెంట్‌క్రోమన్ అనే మాత్ర 1991లో 'సహేలి' పేరుతో విపణిలోకి వచ్చింది. 2016 నుండి 'ఛాయ' పేరుతో ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేరింది. ఇది ఈస్ట్రోజెన్ గాని, ప్రొజెస్టిరాన్ గాని కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికొకసారి వేసుకోవాలి. ఇది సాధారణంగా అండోత్సర్గాన్ని ఆపదు. గర్భాశయపు పొరలో అండం నాటుకొనేందుకు అనువైన స్థితి లేకుండా చేస్తుంది. శరీరం నుండి నెమ్మదిగా బయటికి పోతుంది కనుకనే వారానికొక మాత్ర సరిపోతుంది. వాడుతున్నప్పుడు కొందరికి బహిష్టులు దూరదూరంగా వస్తాయి. ఆపిన తరువాత సాధారణంగా ఆరునెలలలోపు సంతానశక్తి తిరిగి వస్తుంది.

'అంతర' అనే పేరుతో 2017 నుండి ప్రభుత్వ ఆసుపత్రులలో ఇస్తున్న డి.ఎం.పి.ఎ. ఇంజెక్షను విషయం వేరు. మూడు నెలలకొకసారి ఇచ్చే ఈ మందు కండరంలో నిలువ ఉండి కొద్దికొద్దిగా రక్తంలో కలుస్తుంది. చివరి ఇంజెక్షను తీసుకొన్న రోజు నుండి గర్భధారణకు సగటున ఏడు నుండి పది నెలలు పట్టవచ్చు. 'మందు ఆపినా ఏడాది దాకా నెల తప్పలేదు' అని చెప్పుకొనే అనుభవాలలో కొన్ని ఈ ఇంజెక్షనుకు సంబంధించినవై ఉండి, నోటిమాట మీద మాత్రలకు అంటుకొని ఉండవచ్చు. ఏడాదిలోపు సంతానం కోరేవారు ఇంజెక్షను కంటే మాత్రలు ఎంచుకోవడం మేలు. ఐ-పిల్ వంటి అత్యవసర మాత్రలు ఆ నెల బహిష్టును కొన్ని రోజులు ముందుకో వెనుకకో జరపవచ్చు గాని, తరువాతి గర్భధారణకు అడ్డురావు.

మాత్రలు ఆపినా బహిష్టు రాకపోతే

మాత్రలు ఆపి మూడు నెలలు గడిచినా బహిష్టు రాకపోతే, గర్భం లేదని నిర్ధారించుకొన్న తరువాత, కారణం వెదకాలి. 1960, 70లలో దీనిని మాత్రల వలన కలిగే ప్రత్యేకమైన జబ్బుగా భావించి 'మాత్రానంతర బహిష్టు లేమి' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. తరువాతి పరిశీలనలో ఇలాంటి స్త్రీలలో చాలామందికి మాత్రలు మొదలుపెట్టక ముందు కూడా బహిష్టులు సక్రమంగా లేవని, ఆ క్రమం లేకపోవడానికే వైద్యులు మాత్రలు రాసి ఇచ్చారని వెల్లడైంది. నెలనెలా వచ్చే విరమణ రక్తస్రావం తెరలా అడ్డునిలిచి లోపలి సమస్యను కనబడనీయదు. మాత్ర ఆపగానే తెర తొలగిపోతుంది. తెర తీసిన చేయి నిందకు గురవుతుంది.

ఈ సమస్యలలో మన ప్రాంతంలో ఎక్కువగా వినిపించేది పి.సి.ఓ.ఎస్. వాడుకలో దీనిని 'నీటిబుడగలు' అంటారు. అవి నిజానికి పక్వం కాకుండా నిలిచిపోయిన చిన్న పుటికలు. అవాంఛిత రోమాలు, మొటిమలు, బరువు పెరగడం, బహిష్టులు తప్పడం దీని లక్షణాలు. అవటు గ్రంథి లోపం, ప్రొలాక్టిన్ హార్మోను పెరగడం, బరువు మితిమీరి తగ్గడం లేదా పెరగడం, తీవ్రమైన మానసిక ఒత్తిడి కూడా అండోత్సర్గాన్ని ఆపుతాయి. అరుదుగా నలభై ఏళ్ళ లోపే అండాశయాలు ఉడిగిపోతాయి. బిడ్డకు పూర్తిగా పాలిస్తున్న తల్లికి బహిష్టు రాకపోవడం మాత్రం సహజమే. వీటిలో చాలావరకు సాధారణ రక్తపరీక్షలు, స్కానింగ్ ద్వారా తెలుస్తాయి, చికిత్సకు లొంగుతాయి. అందుకే మూడు నెలలు దాటిన తరువాత 'మందు వేడి తగ్గాలి' అంటూ మరో ఆరునెలలు ఆగడం వలన ప్రయోజనం లేదు.

పరీక్షల విషయంలో ఒక జాగ్రత్త. అండాశయంలో మిగిలిన అండాల అంచనాకు ఎ.ఎం.హెచ్. అనే రక్తపరీక్ష చేస్తారు. మాత్రలు వాడుతున్నప్పుడు, ఆపిన తొలి నెలలలో ఈ విలువ తాత్కాలికంగా తక్కువగా కనిపిస్తుంది. కొద్ది నెలల తరువాత తిరిగి చేయిస్తే పెరుగుతుంది. ఒక్క కాగితం చూసి బెంబేలుపడరాదు.

అపోహలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మాత్రల వాడకం చాలా తక్కువ. ఇక్కడ కుటుంబ నియంత్రణ అంటే అత్యధికులకు స్త్రీకి చేసే ఆపరేషనే. అది కూడా చిన్న వయస్సులోనే జరుగుతుంది. తొలి కాన్పుకు ముందు మాత్రలు వాడిన స్త్రీ అనుభవం ఊళ్ళో ఎవరికీ తెలియకపోవడం వలన, ఆమెకు ఆలస్యమైతే ఊహలే నిజాలుగా చెలామణి అవుతాయి. 'గర్భసంచి ఎండిపోతుంది', 'గర్భసంచికి వేడి చేస్తుంది', 'మాత్రలు కడుపులో గడ్డకట్టుకొని ఉంటాయి' అనే మాటలు వినిపిస్తుంటాయి. మాత్ర జీర్ణాశయంలో కరిగి రక్తంలో కలిసేదే గాని, గర్భాశయం దాకా వెళ్ళేది కాదు. కృత్రిమ గర్భధారణ కేంద్రాలలో కూడా చికిత్స తేదీలను అనుకూలపరచుకొనేందుకు, అండాల సేకరణకు ముందు కొద్దివారాలు ఇవే మాత్రలు ఇవ్వడం ఉంది. గర్భసంచిని ఎండబెట్టేదైతే ఆ పని ఎవరూ చేయరు.

ఈ భయం వలన మరొక నష్టం ఉంది. కొత్తగా పెళ్ళైన అమ్మాయి చదువు పూర్తయ్యేదాకా ఆగాలనుకొన్నా, మాత్రలకు భయపడి ఏ పద్ధతీ పాటించక అనుకోని గర్భానికి, కొన్నిసార్లు గర్భస్రావానికి లోనవుతుంది. దుకాణంలో మందు కొని సొంతంగా గర్భస్రావం చేసుకోవడం కంటే క్రమబద్ధంగా మాత్ర వేసుకోవడం ఎంతో సురక్షితం. పొగతాగేవారు, అధిక రక్తపోటు, పార్శ్వపు నొప్పిలో కంటిముందు మెరుపులు, రక్తనాళాలలో రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవారు మాత్రం వైద్య సలహా లేకుండా మిశ్రమ మాత్రలు వాడరాదు.

ప్రయత్నించే కాలంలో

మాత్రలను పొట్లం మధ్యలోనైనా ఆపవచ్చు. పొట్లం పూర్తిచేసి ఆపితే రక్తస్రావం ఎప్పుడు వస్తుందో తెలిసి లెక్క సులువవుతుంది. అంతకు మించి తేడా లేదు.

బయటపడిన అండం ఒకరోజుకు మించి జీవించదు. శుక్రకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు జీవించి ఉండగలవు. కనుక అండోత్సర్గపు రోజు, దానికి ముందరి ఐదు రోజులు కలిపి మొత్తం ఆరు రోజులు గర్భధారణకు అనుకూలం. అండోత్సర్గం రాబోయే బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు జరుగుతుంది. 28 రోజుల చక్రంలో అది 14వ రోజు, 35 రోజుల చక్రంలో 21వ రోజు. అందరికీ 14వ రోజే అనుకోవడం పెద్ద పొరపాటు. మాత్రలు ఆపిన తొలి నెలలలో చక్రం ఎన్ని రోజులో ముందుగా తెలియదు కనుక, రోజులు లెక్కపెట్టుకోవడం కంటే దంపతులు రెండు మూడు రోజులకొకసారి కలవడమే సరైన మార్గం. శ్లేష్మం గుడ్డులోని తెల్లసొనలా పలుచగా, సాగేటట్లుగా కనిపించే రోజులు అనుకూలమైనవి.

ఇక్కడే మరొక లెక్క ఉంది. ఏడాది ప్రయత్నం అంటే దంపతులు కలిసి ఉన్న నెలలు మాత్రమే. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన భర్త రెండేళ్ళకొకసారి నెలన్నర సెలవుపై వస్తే, పెళ్ళై ఐదేళ్ళైనా వారి ప్రయత్నం నాలుగైదు నెలలను మించదు. అలాంటి ఇంట్లో భార్యకు సంతానలేమి అని పేరు పెట్టడం అన్యాయం. భర్త వచ్చే తేదీ తెలిసిన స్త్రీ మూడు నాలుగు నెలల ముందుగా మాత్రలు ఆపి ఉంటే, చక్రం గాడిన పడి ఆ కొద్ది వారాలు వృథా కాకుండా ఉంటాయి.

గర్భం కోసం ప్రయత్నించే ప్రతి స్త్రీ రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలి. మాత్రలు ఆపడానికి కనీసం ఒక నెల ముందు నుండే దీనిని మొదలుపెట్టడం ఉత్తమం. శిశువు మెదడు, వెన్నుపాముగా మారే నాడీనాళం ఫలదీకరణ జరిగిన 28 రోజులలోపే మూసుకొంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతి కూడా తెలియదు. లోగడ నాడీనాళ లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు అధిక మోతాదు ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్‌కు చెందిన వైద్య పరిశోధనా మండలి నిరూపించింది.

కొందరు స్త్రీలు మాత్రలు ఆపే ముందే వైద్యుని సంప్రదించి తీరాలి. మూర్ఛకు వాల్‌ప్రోయేట్, తీవ్రమైన మొటిమలకు ఐసోట్రెటినాయిన్, కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారు వీరిలో ముఖ్యులు. ఈ మందులు గర్భస్థ శిశువుకు తీవ్రమైన హాని చేస్తాయి. వీటిని వాడే స్త్రీలకు గర్భనిరోధం తప్పనిసరి అని చెప్పడానికి కారణం అదే. అలాగని మూర్ఛ మందును సొంతంగా మానివేయడం మరింత ప్రమాదం. వైద్యుడు వేరే మందుకు మార్చేదాకా గర్భనిరోధక మాత్రలు కొనసాగించాలి. మధుమేహం, అవటు గ్రంథి లోపం, రక్తపోటు ఉన్నవారు అవి అదుపులోకి వచ్చిన తరువాతనే ఆపడం మంచిది.

వైద్యుని సంప్రదించవలసిన సమయం

స్త్రీ వయస్సు 35 ఏళ్ళలోపు ఉంటే ఏడాదిపాటు, 35 దాటితే ఆరునెలలపాటు ప్రయత్నించి ఫలితం లేకపోతే పరీక్షలు చేయించుకోవాలి. 40 దాటినవారు ఆగనక్కరలేదు. ఈ కాలాన్ని మాత్రలు ఆపిన రోజు నుండే లెక్కించాలి. మందు ప్రభావం పోవడానికంటూ విడిగా కొన్ని నెలలు కలపడం అవసరం లేదు. బహిష్టులు మూడు నెలలైనా రానివారు, బహిష్టు సమయంలో భరించలేని నొప్పి ఉన్నవారు, లోగడ గర్భాశయ సంబంధమైన క్షయ గాని, ఇతర ఇన్ఫెక్షను గాని సోకినవారు, అండవాహికలో గర్భం వచ్చినవారు ముందే వెళ్ళాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారు. సంతానం కలగని జంటలలో దాదాపు సగంమందిలో పురుషుని వైపు కారణం పూర్తిగానో, కొంతగానో ఉంటుంది. భార్య మాత్రలు వాడిందన్న ఒక్క సంగతి తెలియగానే భర్తకు పరీక్ష అక్కరలేదని ఇంట్లో తీర్మానించడం తరచు జరుగుతుంది. స్త్రీకి స్కానింగులు, అండవాహికల పరీక్షలు, కొన్నిచోట్ల లాపరోస్కోపీ కూడా అయిపోయిన తరువాత ఎప్పటికో భర్త వంతు వస్తుంది. వీర్య పరీక్ష అన్నిటికంటే చవకైనది, నొప్పి లేనిది, కోత లేనిది. కనుక అది మొదటి పరీక్షలలో ఒకటిగా ఉండాలి. రెండు నుండి ఏడు రోజులు నిగ్రహం పాటించిన తరువాత నమూనా ఇవ్వాలి. శుక్రకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఇటీవల తీవ్రమైన జ్వరం వచ్చి తగ్గినా సంఖ్య పడిపోవచ్చు కనుక, మొదటి ఫలితం తక్కువగా ఉంటే కొంత వ్యవధి తరువాత పరీక్షను మరొకసారి చేయించాలి.